మెరోయె ఒంటికన్ను రాణి

నైలు ఎగువ రాజ్యం: 7వ భాగం

క్రీ.పూ. 25 ప్రాంతం. ఈజిప్టు దక్షిణపు కొసన సియెనె అనే ఊళ్లో మూడు రోమన్ దళాలు కాపలా ఉన్నాయి. సియెనె అంటే నేటి అస్వాన్. ఊరికి ఎదురుగా నది మధ్యలో ఎలిఫెంటైన్ ద్వీపం, దానికి కాస్త పైన ఐసిస్ దేవత కొలువున్న ఫిలే. నేటి సుడాన్‌లోని కుష్ రాజ్యపు సైన్యం ఎగువ నుంచి వచ్చి ఈ మూడు చోట్లా విరుచుకుపడింది. కాపలా దళాలు నిలవలేకపోయాయి. జనాన్ని చెరపట్టి తీసుకుపోయారు. అక్కడ నిలబెట్టిన అగస్టస్ సీజర్ విగ్రహాలను పీఠాల మీంచి పెకలించారు.

ఆంటొనీ, క్లియోపాట్రా చచ్చి, ఈజిప్టు రోము చేతిలోకి వచ్చి అప్పటికి అయిదేళ్లు. మధ్యధరా సముద్రం చుట్టూ అగస్టస్‌కు ఎదురు చెప్పేవాడు లేడు. అలాంటివాడి విగ్రహం మీద చెయ్యి వేసిన సైన్యం ఒక స్త్రీ ఏలుబడిలోది. ఆ దండయాత్రకు ఆమే నాయకత్వం వహించిందని రోమన్ చరిత్రకారుడు కేసియస్ డియో రాశాడు. ఆమె కాలంవాడే అయిన గ్రీకు రచయిత స్ట్రాబో రెండే ముక్కలు చెప్పాడు: మగరాయుడి లాంటి మనిషి, ఒక కన్ను లేదు. పేరు మాత్రం చెప్పలేదు.

గత భాగాలు చదివినవారికి కుష్ కొత్త కాదు. పియె, తహర్కా లాంటి కుష్ రాజులు క్రీ.పూ. 8, 7 శతాబ్దాల్లో ఈజిప్టు సింహాసనమెక్కి ఫారోలుగా ఏలిన కథ చెప్పుకున్నాం. అస్సీరియన్లు వాళ్లను వెనక్కి తరిమాక, క్రీ.పూ. 593 ప్రాంతంలో ఈజిప్టు ఫారో రెండో సామ్టిక్ దండెత్తి వచ్చాక, రాజ్యం గుండెకాయ నపట నుంచి ఇంకా ఎగువకు, మెరోయెకు మారింది. నైలు ఉత్తరానికి పారుతుంది కాబట్టి ఇక్కడ ఎగువ అంటే దక్షిణమని గుర్తుంచుకోవాలి. అస్వాన్‌కూ ఖార్టూమ్‌కూ మధ్య ఆరు చోట్ల బండరాళ్లు నదికి అడ్డుపడి పడవలు సాగవు. పుస్తకాల్లో వీటిని జలపాతాలంటారు. నపట నాలుగో జలపాతం దగ్గర, జెబెల్ బర్కల్ అనే కొండ కింద ఉంది. మెరోయె అయిదో, ఆరో జలపాతాల నడుమ, నేటి ఖార్టూమ్‌కు ఈశాన్యంగా 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉత్తరం నుంచి వచ్చే ఏ శత్రువైనా ఆ రాళ్లనూ, వాటి పక్కన ఎడారినీ దాటుకుని రావాలి. కుష్‌కు ప్రకృతి కట్టిపెట్టిన కోట అది.

నపటలో అమున్ దేవుడి పెద్ద గుడి ఉండిపోయింది. రాజ్యాధికారం మాత్రం మెరోయెది. ఆ ఊరి చుట్టూ ఇప్పటికీ ఇనుప చిట్టెం గుట్టలున్నాయి. ఉత్తర తెలంగాణలో పాత ఇనుప కొలుముల ఊళ్లు చూసినవాళ్లకు ఆ నల్లటి గుట్టలు ఏం చెబుతాయో వేరే చెప్పనక్కర్లేదు. ఇనుముతో పాటు బంగారం, ఏనుగు దంతం, నల్లచేవ కర్ర మెరోయె మీదుగానే ఉత్తరానికి వెళ్లేవి. రోముకు ఆ దారి మీద ఎందుకు కన్నుపడిందో ఇదే చెబుతుంది.

ఇక ఆమె పేరు. స్ట్రాబో రాసిన కందాకే అనే మాట పేరు కాదు, బిరుదు. కుష్‌లో రాజమాతకో, రాజు సోదరికో దక్కే పదవి అది. కొందరు స్త్రీలు దానితో పాటు కొరె, అంటే రాజ్యాధిపతి, అనే బిరుదునూ ధరించి తామే ఏలారు. తెలుగు బైబిల్ చదివేవారికి కందాకే మాట చిరపరిచితం. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ ఫిలిప్పుకు ఎదురైన ఐతియొపీయుడు కందాకే రాణి ధనాగారానికి అధికారి. ఆమె మన కథలోని రాణి కంటే తర్వాతి తరాల మనిషి. గ్రీకులు, రోమన్లు సుడాన్ దేశపు ఈ రాజ్యాన్ని ఇతియోపియా అనేవాళ్లు కాబట్టి ఆ మాట వచ్చింది, నేటి ఇతియోపియా దేశంతో దానికి సంబంధం లేదు.

రోముతో తలపడ్డ కందాకే అమనిరెనస్ అని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. అస్వాన్‌కు ఎగువన ప్సెల్కిస్ అనే ఊరి గుడి గోడ మీద మెరోయె లిపిలో చెక్కిన ఒక రాతలో మూడు పేర్లు కలిసి కనిపిస్తాయి: కొరె తెరితెకస్, కందాకే అమనిరెనస్, రాకుమారుడు అకినిదద్. ఆ తర్వాతి శాసనాల్లో తెరితెకస్ లేడు. అమనిరెనస్ అక్కడ కొరె, కందాకే రెండూ తానే. రాజు పోయాక రాణి పగ్గాలు పట్టిందనీ, ఆ మార్పు యుద్ధానికి అటూ ఇటూగా జరిగిందనీ వీటిని బట్టి ఊహిస్తారు. అకినిదద్ ఎన్నడూ సింహాసనమెక్కలేదు, ఎన్నేళ్లు గడిచినా రాకుమారుడిగానే కనిపిస్తాడు.

యుద్ధంలో బాణం తగిలి ఆమెకు కన్ను పోయిందనీ, రోమన్ బందీలను తన పెంపుడు సింహాలకు వేసిందనీ ఈ మధ్య కథలు అల్లుతున్నారు. అలాంటి మాటకు ఏ పాత రచనలోనూ, శాసనంలోనూ ఆధారం లేదు. ఆమె గొప్పతనానికి ఈ అల్లికలు అక్కర్లేదని నా నమ్మకం. ఉన్న సాక్ష్యమే సరిపోతుంది.

యుద్ధం ఎందుకొచ్చింది? స్ట్రాబో చదివితే, ఎడారి జాతులు ఊరికే దోపిడీకి వచ్చిపడ్డట్టు అనిపిస్తుంది. కానీ ఫిలేలో ఒక రాయి దొరికింది. ఈజిప్టుకు రోము పంపిన తొలి గవర్నర్ కార్నీలియస్ గాలస్ క్రీ.పూ. 29లో లాటిన్, గ్రీకు, ఈజిప్టు చిత్రలిపి మూడింటిలో వేయించిన శాసనం అది. అయిదు ఊళ్ల తిరుగుబాటును పదిహేను రోజుల్లో అణిచాననీ, అంతకుముందు రోమన్ సైన్యం గానీ ఈజిప్టు రాజులు గానీ చేరని చోటికి సైన్యంతో వెళ్లాననీ గాలస్ అందులో చెప్పుకున్నాడు. ఈజిప్టు ఫారోలు అంతకంటే ఎంతో లోపలికి వెళ్లి వచ్చారు కాబట్టి ఆ రెండో మాట పచ్చి అబద్ధం. మనకు పనికొచ్చేది తర్వాతి వాక్యం. కుష్ రాయబారులను ఫిలేలో కలుసుకున్నాడట, వాళ్ల రాజును రోము రక్షణలోకి తీసుకున్నాడట, మొదటి రెండు జలపాతాల నడుమ సీమకు ఒక పాలకుణ్ణి తానే నియమించాడట.

రక్షణ అనే ఆ మాట వెనక పన్ను ఉంది. పన్ను వేశారని శాసనం చెప్పదు. కానీ ఎనిమిది తొమ్మిదేళ్ల తర్వాత అగస్టస్ దాన్ని మాఫీ చేశాడని స్ట్రాబోయే రాశాడు. వేయని పన్నును ఎవరూ మాఫీ చేయరు. పైగా రాణి మనుషులు రోమన్లకు చెప్పుకున్న ఫిర్యాదు కూడా అదే దిక్కు చూపిస్తుంది: మండలాధికారులు మాకు అన్యాయం చేశారు. తరతరాలుగా తమదనుకున్న సీమలో కొత్తగా వచ్చిన పరాయి అధికారి పన్ను అడిగితే ఏ రాజ్యం ఊరుకుంటుంది?

దెబ్బ కొట్టడానికి ఎంచుకున్న సమయం చూడండి. రెండో గవర్నర్ ఏలియస్ గాలస్ సాంబ్రాణి పండే దక్షిణ అరేబియాను పట్టుకురమ్మని అగస్టస్ పంపితే, ఈజిప్టులోని సైన్యంలో పెద్ద భాగాన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. దారి తప్పించిన మార్గదర్శి, దాహం, రోగాలు కలిసి ఆ దండును తినేశాయి. ఆ గాలస్‌కు స్ట్రాబో స్నేహితుడు. ఇద్దరూ కలిసి నైలు మీద సియెనె దాకా ప్రయాణం చేశారు. ఎర్ర సముద్రపు రేవు నుంచి ఏటా 120 ఓడలు భారతదేశానికి వెళుతున్నాయని స్ట్రాబో రాసిన ప్రసిద్ధమైన మాట కూడా ఆ రోజుల్లో తెలుసుకున్నదే. అంటే మన తీరానికి వచ్చే ఓడల లెక్కా, ఈ రాణి యుద్ధం కబురూ మనకు ఒకే మనిషి కలం నుంచి అందాయి. సియెనె కాపలా పల్చబడిందన్న సంగతి మెరోయెకు ఇట్టే తెలిసి ఉంటుంది. నది మీద వచ్చేపోయే వర్తకులు, ఫిలే గుడికి వచ్చే కుష్ భక్తులు నోరు కట్టుకుని ఉండరు కదా.

మూడో గవర్నర్ పెట్రోనియస్ బదులు తీర్చుకోవడానికి బయల్దేరాడు. స్ట్రాబో లెక్కలో అతడి దగ్గర పదివేలకు లోపు కాల్బలం, 800 గుర్రాలు. కుష్ వైపు 30 వేలమంది. ప్సెల్కిస్ దగ్గర రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. పెట్రోనియస్ ముందు రాయబారం పంపి, ఎత్తుకెళ్లినవి తిరిగి ఇమ్మన్నాడు, యుద్ధానికి కారణమేమిటన్నాడు. మండలాధికారుల అన్యాయం గురించి వాళ్లు చెప్పారు. ఈ దేశానికి ఏలిక సీజర్ గానీ మండలాధికారులు కాదని అతడు బదులిచ్చాడు. ఆలోచించుకోవడానికి మూడు రోజులు గడువు అడిగారు. గడువు తీరింది, జవాబు లేదు, యుద్ధం మొదలైంది.

అది ఏకపక్షంగా నడిచింది. కుష్ సైనికుల చేతిలో పచ్చి ఎద్దుతోలుతో చేసిన పెద్ద డాళ్లు, గొడ్డళ్లు, కొందరికి బల్లేలు, కొందరికి కత్తులు. రోమన్ దళాలు బారులు తీరి బయట మైదానంలో దూసుకొస్తే వాళ్లు నిలవలేకపోయారు. కొందరు ఊళ్లోకి, కొందరు ఎడారిలోకి పారిపోయారు. కొందరు నదిలో దిగి దగ్గరి లంకకు చేరుకున్నారు. అక్కడ ప్రవాహం జోరుగా ఉండి మొసళ్లు తక్కువట. పెట్రోనియస్ తెప్పలూ పడవలూ వేయించి వాళ్లందర్నీ పట్టించాడు. రాణి సేనాపతులు కూడా దొరికిపోయారు. వాళ్లను అలెగ్జాండ్రియాకు పంపాడు.

అక్కడి నుంచి ఇసుక తిన్నెలు దాటి ప్రెమ్నిస్ కొండకోటను మొదటి దాడిలోనే పట్టుకున్నాడు. ఆపైన నపట మీదికి వెళ్లాడు. రాణి కొడుకు అప్పటికే ఊరు విడిచి వెళ్లాడు. దగ్గర్లో ఒకచోట ఉన్న రాణి మనుషులను పంపింది: స్నేహంగా ఉందాం, బందీలనూ విగ్రహాలనూ తిరిగి ఇచ్చేస్తాం. పెట్రోనియస్ వినలేదు. నపటను నేలమట్టం చేశాడు, జనాన్ని బానిసలుగా పట్టాడు.

ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. ఏడు వందల ఏళ్లుగా కుష్ రాజులు పట్టాభిషేకానికి వచ్చే ఊరు నపట. ఈజిప్టును జయించిన పియె తన విజయాన్ని రాతి మీద చెక్కించి నిలబెట్టింది జెబెల్ బర్కల్ కిందే. ఆ చుట్టుపక్కల జనాన్ని తాళ్లతో కట్టి వందల కోసులు దిగువకు నడిపించారు. కొందర్ని సంతలో సరుకులా అమ్మారు. వెయ్యి మందిని అప్పుడే స్పెయిన్ యుద్ధం నుంచి రోముకు తిరిగొచ్చిన అగస్టస్‌కు కానుకగా పంపారు. మిగిలినవాళ్లు రోగాలతో చచ్చిపోయారని స్ట్రాబో రాసి తర్వాతి సంగతికి వెళ్లిపోతాడు. సియెనె నుంచి కుష్ వాళ్లూ జనాన్ని చెరపట్టారు, అది కాదనలేం. ఆ కాలపు యుద్ధంలో రెండు వైపులా ముందు నలిగింది ఊళ్లో జనమే. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఆ పైన ఎండ, ఇసుక, దూరం. పెట్రోనియస్ మెరోయె జోలికి పోకుండా వెనక్కి తిరిగాడు. దారిలో ప్రెమ్నిస్ కోటను గట్టి చేసి, 400 మంది సైనికుల్నీ వాళ్లకు రెండేళ్ల తిండినీ అక్కడ ఉంచి అలెగ్జాండ్రియా చేరాడు. రోము లెక్కలో యుద్ధం ముగిసింది.

అమనిరెనస్ లెక్కలో ముగియలేదు. సైన్యం ఓడింది, సేనాపతులు పట్టుబడ్డారు, పవిత్ర నగరం బూడిదైంది, సంధి మాట అడిగితే తోసిపుచ్చారు. ఇంత జరిగాక చాలామంది రాజులు ఏం చేశారో చరిత్ర నిండా ఉంది: కప్పం కట్టారు, లేదా కోట తలుపులు మూసుకున్నారు. ఈమె మళ్లీ వేలమందిని కూడగట్టి నేరుగా ప్రెమ్నిస్ మీదికి నడిచింది. మెరోయెను నిలబెట్టింది ఈ రెండో అడుగేనని నేను అనుకుంటాను. సియెనె మీద దాడి మెరుపులాంటిది, అందరి కళ్లకూ అదే ఆనుతుంది. కానీ ఓడిన తర్వాత ఎక్కడ ఒత్తితే రోముకు నొప్పి తగులుతుందో కనిపెట్టి అక్కడికి వెళ్లడంలో ఆమె రాజనీతి ఉంది. నాలుగు వందల మందిని అంత దూరంలో ఉంచి కాపాడుకోవాలంటే ప్రతిసారీ గవర్నరే సైన్యంతో పరుగెత్తుకు రావాలి. ఆ ఖర్చు ఎన్నాళ్లు భరిస్తారు?

ప్రెమ్నిస్ నేటి పేరు కస్ర్ ఇబ్రీం. అస్వాన్‌కు ఎగువన రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. నది ఒడ్డున నిటారుగా లేచిన కొండ కొమ్మున కట్టిన కోట కాబట్టి, అస్వాన్ ఆనకట్ట కట్టి నూబియా అనే ఆ సీమ ఊళ్లన్నీ నీట మునిగినా ఇది మాత్రం తల పైకెత్తి ఉంది. అక్కడి తవ్వకాల్లో రోమన్ యంత్రాలతో విసిరే గుండ్రటి రాళ్లు దొరికాయి. 1978లో ఒక పాపిరస్ ముక్క కూడా దొరికింది. దాని మీద తొమ్మిది పాదాల లాటిన్ కవిత్వం ఉంది. కవి ఎవరో కాదు, ఫిలేలో శాసనం వేయించిన కార్నీలియస్ గాలసే. అతడు తన కాలంలో పేరున్న ప్రేమకవి. అగస్టస్ ఆగ్రహానికి గురై ప్రాణం తీసుకున్నాక అతడి పద్యాలు దాదాపు మొత్తం పోయాయి. కుష్ సీమకు కాపలా వచ్చిన రోమన్ ఎవడో పెట్టెలో తెచ్చుకున్న కాగితం వల్ల ఆ నాలుగు ముక్కలూ రెండు వేల ఏళ్లు మిగిలాయి. ఈ గొడవకు విత్తనం వేసినవాడి కవిత్వం చివరికి గొడవ జరిగిన కోటలోనే దొరకడం చూస్తే చరిత్ర చదివేవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

పెట్రోనియస్ హడావుడిగా వచ్చి రాణి కంటే ముందు కోటలోకి చేరాడు. మరిన్ని ఏర్పాట్లతో దాన్ని కట్టుదిట్టం చేశాడు. అయినా ఈసారి యుద్ధం జరగలేదు. రాణి రాయబారులు వచ్చారు. అడగదల్చుకున్నది సీజర్‌నే అడగమన్నాడు పెట్రోనియస్. సీజర్ ఎవరో, ఎక్కడుంటాడో మాకు తెలియదన్నారు వాళ్లు. స్ట్రాబో దీన్ని అడవి మనుషుల అమాయకత్వంగా చెప్పాడు. నాకలా తోచదు. ఆ సీజర్ విగ్రహాలనే వాళ్లు ఏరి ఏరి పడగొట్టారు. ప్సెల్కిస్ దగ్గర పెట్రోనియస్ ఆ పేరు చెప్పే వాదించాడు. అంతా తెలిసినవాళ్లు తెలియదనడం, మీ సీజర్ మాకు ఏలిక కాడని చెప్పడానికి ఉన్న మర్యాదైన దారి. ఫలితం కూడా వాళ్లకు కావలసినట్టే వచ్చింది. పెట్రోనియస్ మనుషులను తోడిచ్చి పంపించాడు. గవర్నర్ దగ్గర తెగాల్సిన వ్యవహారం చక్రవర్తి ముందుకు చేరింది.

క్రీ.పూ. 21–20 చలికాలం. అగస్టస్ ఏజియన్ సముద్రంలోని సామోస్ ద్వీపంలో విడిది చేసి ఉన్నాడు. సిరియా వెళ్లాలి, పార్థియన్లతో తేల్చుకోవాలి, టైబీరియస్‌ను ఆర్మేనియాకు పంపాలి. దక్షిణాన ఇంకో యుద్ధం అతడికి ఎంతమాత్రం అక్కర్లేదు. రాయబారులు అడిగినవన్నీ ఇచ్చాడు. అడిగినదానికి మించి, వేసిన పన్నులు కూడా తీసేశాడని స్ట్రాబో రాశాడు. గెలిచానని చెప్పుకున్న పక్షం ఓడిందన్న పక్షానికి పన్ను వదులుకుంది. ఈ వాక్యం మన చేతికి వచ్చింది శత్రువు వైపు మనిషి రాసిపెట్టడం వల్లే. అందుకే దానికి అంత విలువ.

ఆ తర్వాతి చలికాలంలో అదే సామోస్‌కు, అదే అగస్టస్ దగ్గరికి భారతదేశం నుంచి ఒక రాయబారం వచ్చింది. వాళ్లు తెచ్చిన కానుకల్లో పులులున్నాయనీ, రోమన్లు పులిని చూడడం అదే మొదలనీ డియో రాశాడు. మెరోయె వాళ్లు నడిచి వెళ్లిన గుమ్మంలోనే ఏడాది తిరక్కుండా మనవాళ్లూ అడుగుపెట్టారన్నమాట. అగస్టస్, టైబీరియస్ ముఖాలున్న వెండి నాణేలు నల్లగొండ జిల్లా అక్కనపల్లి నేలలో కుండలో దొరకడానికి వెనకున్నది ఈ రాకపోకల కాలమే.

సంధి తర్వాత సరిహద్దు వెనక్కి జరిగింది. ప్రెమ్నిస్ దాకా పట్టుకున్న రోము, అస్వాన్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మహరఖ దగ్గర తన హద్దు గీసుకుంది. ఆ హద్దుకు లోపలి సీమలో అగస్టస్ పేర నూబియా దేవతలకు గుళ్లు లేచాయి. క్రీ.పూ. 15 ప్రాంతంలో కట్టిన దెందూర్ గుడి అందులో ఒకటి. ఐసిస్‌తో పాటు ఆ ప్రాంతపు నాయకుడి ఇద్దరు కొడుకులకు అక్కడ పూజలు. గోడల మీద అగస్టస్ ఫారో వేషంలో నిలబడి ఆ దేవతలకు నైవేద్యం పెడుతుంటాడు. ఆనకట్ట నీటి నుంచి కాపాడడానికి ఊడదీసిన ఆ గుడిని ఈజిప్టు అమెరికాకు బహుమతిగా ఇచ్చింది. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు పిల్లలతో వెళ్లినప్పుడు ఆ గుడి ముందు నిలబడి, సరిహద్దు జనాన్ని మంచి చేసుకోవడానికి రోము ఎందుకంత పాటుపడిందో, దాని వెనక ఏ రాణి ఉందో చెప్పాలని నా కోరిక.

ఆ హద్దు దాదాపు మూడు శతాబ్దాలు నిలిచింది. క్రీ.శ. 253లో మెరోయె రాయబారి ఒకడు ఫిలేలో తన ప్రయాణం గురించి గోడ మీద రాయించుకున్నాడు. 298లో చక్రవర్తి డయొక్లీషియన్ ఆ సీమను కూడా వదులుకుని సైన్యాన్ని ఫిలే దాకా వెనక్కి లాక్కున్నాడు. అయినా అగస్టస్ తన జీవిత విజయాల జాబితాలో, కంచు పలకల మీద చెక్కించి రోములో నిలబెట్టమన్న రాతలో, తన సైన్యం మెరోయె పక్కనున్న నపట దాకా వెళ్లిందని గర్వంగా చెప్పుకున్నాడు. నపటకూ మెరోయెకూ నడుమ ఎంత ఎడారి ఉందో మనకు తెలుసు. పన్ను మాఫీ సంగతి ఆ జాబితాలో ఎక్కడా లేదు.

మెరోయె తన జాబితాను వేరేలా రాసుకుంది. 1910 డిసెంబరులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం తరఫున జాన్ గార్స్‌టాంగ్ మెరోయెలో తవ్వుతుండగా ఒక చిన్న గుడిలాంటి కట్టడం గుమ్మం మెట్ల కింద ఇసుకలో కంచు తల బయటపడింది. నిలువు 46 సెంటీమీటర్లు, మనిషి తల కంటే పెద్దది. నుదుటి మీద పాయలు పాయలుగా దువ్విన జుట్టు, కొద్దిగా పక్కకు తిరిగిన మెడ. కళ్లు చెక్కుచెదరలేదు. తెల్లగుడ్డుకు తెల్లరాయి, నల్లగుడ్డుకు గాజు, చుట్టూ సన్నటి లోహపు కడియం. ఎదుట నిలబడితే ఆ చూపు మనల్ని దాటి దూరంగా ఎక్కడో నిలుస్తుంది. అది అగస్టస్ తల. నిలువెత్తు విగ్రహం నుంచి విరగ్గొట్టి తెచ్చి, కావాలనే అక్కడ పాతారు. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ దాని మీద కాలు వేసి వెళ్లాలి. ఆ కట్టడపు గోడల మీద చేతులు కట్టిన బందీల బొమ్మలున్నాయి.

దీన్ని ఎవరో కోపంతో చేసిన పనిగా చూడకూడదు. నైలు నాగరికతలో శత్రువును పాదాల కింద ఉంచడం రాజధర్మంలో భాగం. టుటన్‌ఖామన్ చెప్పుల అడుగున కూడా కట్టేసిన శత్రువుల బొమ్మలున్నాయి. కుష్ ఆ పద్ధతినే తన గుమ్మం దగ్గర అమలు చేసింది, బొమ్మకు బదులు అసలు రోము చక్రవర్తి తలనే వాడింది. విగ్రహాలు తిరిగి ఇస్తామని నపట దగ్గర రాణి అన్న మాట గుర్తుంది కదా. సంధి కుదిరాక ఎన్ని ఇచ్చారో గానీ, ఈ తలను ఇవ్వలేదు. మరో సంగతి. ఆ కాలపు కంచు విగ్రహాలు వేలల్లో ఉండేవి, తర్వాతి వాళ్లు కరిగించి వాడేసుకున్నారు. ఈ ఒక్క తల ఇంత పదిలంగా మిగలడానికి కారణం మెరోయె దాన్ని మెట్ల కింద పాతిపెట్టడమే. ఇప్పుడది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

అదే మ్యూజియంలో అమనిరెనస్ మాట కూడా ఉంది. మెరోయెకు కొద్ది దూరంలో హమదాబ్ అనే చోట 1914లో గార్స్‌టాంగ్‌కు దొరికిన నిలువెత్తు శిల అది. పైన రాణి, రాకుమారుడు దేవతల ముందు నిలబడ్డ దృశ్యం, దాని కింద వరసగా బందీలు, ఆ కింద మెరోయె లిపిలో పొడుగాటి శాసనం. అమనిరెనస్, అకినిదద్ పేర్లు స్పష్టంగా ఉన్నాయి. ఫ్రాన్సిస్ లెవెలిన్ గ్రిఫిత్ 1911 నాటికే ఆ లిపిలోని 23 అక్షరాలనూ ఛేదించాడు. కాబట్టి శాసనాన్ని గట్టిగా పైకి చదవవచ్చు. కానీ ఆ భాష చాలా భాగం ఇంకా అర్థం కాదు. దేవుళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు, బిరుదులు, కొన్ని పదాలు తెలుస్తాయి. రోముతో యుద్ధం ప్రస్తావన అందులో ఉందని గ్రిఫిత్ నాటి నుంచీ వాదిస్తున్నారు. స్ట్రాబో కథకు రాణి ఇచ్చిన జవాబు మన కళ్ల ముందు ఉంది, దాన్ని వినే చెవి మనకింకా రాలేదు. క్లాడ్ రిల్లీ వంటి పండితులు ఆ భాషకు తూర్పు సుడాన్ భాషలతో చుట్టరికం చూపించి ఒక్కో మాటా విప్పుతున్నారు. ఇలాంటి మరో శాసనం, పక్కన ఈజిప్టు భాషలో అనువాదంతో దొరికిన రోజున ఈ వ్యాసం మొత్తం తిరగరాయాల్సి వస్తుంది. ఆ రోజు త్వరగా రావాలి.

అమనిరెనస్ తర్వాత మెరోయెలో రాణులు వరసగా కనిపిస్తారు. అమనిషఖేతొ, ఆ తర్వాత నటకమని రాజుతో సరిసమానంగా ఏలిన అమనితొరె. నగా అనే చోట వాళ్లిద్దరూ కట్టించిన సింహదేవుడు అపెదెమక్ గుడి ముఖద్వారానికి ఒక పక్క రాజు, రెండో పక్క రాణి. ఇద్దరూ ఒకే ఎత్తులో నిలబడి చేతిలో ఆయుధం ఎత్తి శత్రువుల గుంపును జుట్టు పట్టి ఉన్నారు. ఆమె నిండైన ఒంటి మనిషి, గోళ్లు పొడుగు, కాళ్ల దగ్గర సింహం. ఈజిప్టులో రాణుల బొమ్మలు ఎన్నో ఉన్నా, రాజుకు జోడీగా ఇంత ధీమాగా ఆయుధమెత్తిన రాణి అరుదు. ఆ గుడి వెనక గోడ మీద అపెదెమక్‌కు మూడు తలలు, నాలుగు చేతులు. అది చూసి మన దేశపు ప్రభావమని కొందరు పాత పండితులు అన్నారు. రెండు పక్కల నుంచి వచ్చే రాజునూ రాణినీ దేవుడు ఒకేసారి స్వీకరిస్తున్నట్టు చూపడానికి శిల్పి వేసిన ఎత్తు అని ఇప్పటివాళ్ల వివరణ. నాకు రెండోదే నమ్మదగ్గదిగా ఉంది. ఏ దేశపు గొప్పనైనా మన ఖాతాలో వేసుకోవాలన్న తొందర మనకు వద్దు.

కందాకే అనే మాట సుడాన్‌లో ఇప్పటికీ బతికి ఉంది. 2019లో ఒమర్ అల్ బషీర్ ముప్పై ఏళ్ల పాలనను కూలదోసిన ఉద్యమంలో వీధుల్లోకి వచ్చిన ఆడవాళ్లను జనం కందాకాలని పిలిచారు. ఖార్టూమ్‌లో ఒక యువతి తెల్లటి బట్ట కప్పుకుని, కారెక్కి నిలబడి, చెయ్యెత్తి జనంతో పాడించిన ఫోటో ఆ ఏప్రిల్‌లో ప్రపంచమంతా తిరిగింది. నాలుగేళ్లకు, 2023 ఏప్రిల్‌లో, అదే నగరంలో సైన్యానికీ అర్ధసైనిక దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. కుష్ రాజుల విగ్రహాలున్న ఖార్టూమ్ జాతీయ మ్యూజియం దోపిడీకి గురైంది. లక్షల మంది ఇళ్లు వదిలి పోయారు. నపట, మెరోయె రెండూ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న స్థలాలే. వాటిని కాపాడవలసిన ఉద్యోగులూ పండితులూ తామే తలదాచుకునే చోటు వెతుక్కోవలసి వచ్చింది. అమనిరెనస్ శిల, అగస్టస్ తల లండన్‌లో భద్రంగా ఉన్నాయని ఊరట పడాలో, అవి తమ ఊళ్లో లేవని బాధపడాలో తేల్చుకోవడం కష్టం. ఆ తేల్పు సుడాన్ ప్రజలది.

మెరోయె సంపద దేశం దాటిన కథకు అంతకంటే నీచమైన అధ్యాయం ఒకటుంది. 1834లో గియుసెప్పె ఫెర్లిని అనే ఇటాలియన్ వైద్యుడు బంగారం కోసం అమనిషఖేతొ రాణి పిరమిడ్‌ను పైనుంచి కూలగొట్టాడు. అందులో దొరికిన నగలు బెర్లిన్, మ్యూనిక్ ఎలా చేరాయో వచ్చే సంచికలో చూద్దాం.

(సశేషం)